కొరతే సంకెల

సైనిక నియంతకు జనం నోరు మూసుకుని ఉంటే చాలు. వాళ్లు ఏం తింటున్నారో, ఇంటికి ఎవరొచ్చి వెళ్తున్నారో ఆయనకు అంతగా పట్టదు. సర్వాధికార రాజ్యం అలా కాదు. దానికి పొలం కావాలి, ఫ్యాక్టరీ కావాలి, బడి కావాలి, వంటగది కావాలి, చివరికి పడకగది కూడా కావాలి. తన చేతికి అందని చోటు ఒక్కటి మిగిలినా అక్కడి నుంచే తిరుగుబాటు పుడుతుందని దాని భయం. ఇరవయ్యో శతాబ్దంలో ఇలాంటి రాజ్యాలు కొన్ని వచ్చాయి. స్టాలిన్ రష్యా గురించీ హిట్లర్ జర్మనీ గురించీ తెలుగు పాఠకులకు ఎంతో కొంత తెలుసు. రెండు కోట్ల ముప్పై లక్షల జనాభా ఉన్న రొమేనియా గురించి తెలిసింది తక్కువ. కానీ ఆర్థిక వ్యవస్థను గుప్పిట్లో పెట్టుకుంటే మనిషి రోజువారీ బతుకు దానంతటదే ఎలా చేజిక్కుతుందో తెలుసుకోవాలంటే, 1965 నుంచి 1989 దాకా నికోలాయ్ చౌషెస్కు ఏలిన ఆ దేశాన్ని చూడాలి. అక్కడ పోలీసు కంటే ముందు కొరత పనిచేసింది.

ముందు ఆస్తి, తర్వాత మనిషి

పునాదులు చౌషెస్కు వేసినవి కావు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో సోవియట్ సైన్యం రొమేనియాలో అడుగుపెట్టింది. 1947 డిసెంబరు 30న కమ్యూనిస్టులు రాజు మిహాయ్ చేత బలవంతంగా సింహాసనం వదిలించారు. మరుసటి ఏడాది జూన్ 11న ఫ్యాక్టరీలు, గనులు, బ్యాంకులు, రవాణా సంస్థలు ఒక్క చట్టంతో ప్రభుత్వపరం అయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సెక్యూరిటాటే అనే రహస్య పోలీసు శాఖ పుట్టింది. ఆస్తి లాక్కున్న ఏడాదే గూఢచారి శాఖ రావడం కాకతాళీయం కాదు. రెండోది లేకుండా మొదటిది నిలవదు.

భూమి సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. రైతుల్ని సమష్టి క్షేత్రాల్లో కలపడానికి 1949 నుంచి 1962 వరకు పదమూడేళ్లు పట్టింది. ఎదురు తిరిగినవాళ్లను కొట్టారు, జైళ్లలో వేశారు, ఊళ్లకు ఊళ్లను తరలించారు. ఆ క్రమంలో 80 వేల మంది రైతుల్ని అరెస్టు చేశారని అప్పటి కమ్యూనిస్టు పార్టీ అధినేత గియోర్గియు-దేజ్ స్వయంగా 1961లో ఒప్పుకున్నాడు. డాన్యూబ్ నదినీ నల్లసముద్రాన్నీ కలిపే కాలువ తవ్వకానికి రాజకీయ ఖైదీల్ని వెట్టికి పంపారు. 1953లో ఆ పని ఆపేసేనాటికి ఎందరో ఆ మట్టిలోనే కలిసిపోయారు.

ఆస్తి అంతా ప్రభుత్వానిదైతే యజమాని ఒక్కడే మిగులుతాడు. ఒకచోట ఉద్యోగం పోతే ఇంకోచోట వెతుక్కునే వీలుండదు. చదువు ముగించిన పట్టభద్రుడికి మొదటి మూడేళ్లు ఎక్కడ పనిచేయాలో ప్రభుత్వమే చెప్పేది. రాజధాని బుఖారెస్ట్‌తో పాటు పెద్ద నగరాలను ‘మూసిన నగరాలు’గా ప్రకటించారు. గుర్తింపు కార్డు మీద ఆ ఊరి ముద్ర లేనివాళ్లు అక్కడ కాపురం పెట్టడానికి లేదు. పనీపాటా లేకుండా ఉండటం కూడా నేరమే. ‘సమాజానికి పరాన్నజీవులు’ అన్న పేరుతో అలాంటివాళ్లను శిక్షించే ఉత్తర్వు 1970లో వచ్చింది.

మెప్పు, ఆపై అప్పు

1965 మార్చిలో పార్టీ పగ్గాలు అందుకున్న చౌషెస్కును మొదట్లో లోకం మెచ్చుకుంది. 1968లో సోవియట్ సేనలు చెకొస్లొవేకియాలోకి చొరబడితే, బుఖారెస్ట్ నడిబొడ్డున నిలబడి ఆ దాడిని బహిరంగంగా ఖండించాడు. మాస్కోను ఎదిరించే కమ్యూనిస్టు దొరికాడని పశ్చిమ దేశాలు మురిసిపోయాయి. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1969లో వచ్చి కలిశాడు. 1978లో లండన్‌లో బ్రిటిష్ రాణి ఆతిథ్యమిచ్చింది. 1972లో రొమేనియా అంతర్జాతీయ ద్రవ్యనిధిలో చేరింది. అప్పులు వరదలా వచ్చాయి. స్వదేశంలో ఆయన ఏం చేస్తున్నాడో అడిగినవాళ్లు తక్కువ. 1971లో చైనా, ఉత్తర కొరియా వెళ్లి అక్కడి వ్యక్తిపూజను చూసి ముచ్చటపడి వచ్చినప్పటి నుంచి ఆయన దారి మారింది. పత్రికలు, పాటలు, పాఠ్యపుస్తకాలు అన్నీ నాయకుడి కీర్తనలతో నిండిపోయాయి. భార్య ఎలీనా రసాయన శాస్త్ర మేధావిగా బిరుదులందుకుంది, పాలనలో రెండో స్థానానికి ఎదిగింది.

తెచ్చిన అప్పు భారీ పరిశ్రమల్లోకి పోయింది. గలాట్స్‌లో ఉక్కు, స్లాటినాలో అల్యూమినియం, చోటుచోటునా చమురు శుద్ధి కర్మాగారాలు. దేశంలో దొరికే చమురు తగ్గిపోతున్నా శుద్ధి సామర్థ్యాన్ని మాత్రం పెంచుకుంటూ పోయారు. ఇరాన్ నుంచి ముడిచమురు వస్తుందని ధీమా. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. చమురు ధర ఆకాశానికంటింది, ప్రపంచమంతటా వడ్డీలు పెరిగాయి. 1981 నాటికి విదేశీ అప్పు వెయ్యి కోట్ల డాలర్లు దాటింది.

మరో కమ్యూనిస్టు దేశం పోలండ్ అలాంటి చిక్కులోనే పడి గడువులు పెంచుకుంటూ నెట్టుకొచ్చింది. చౌషెస్కుకు అది అవమానం అనిపించింది. అసలుతో సహా మొత్తం తీర్చేయాలని 1982లో నిర్ణయించాడు. తీర్చడానికి ఉన్న మార్గం ఒక్కటే, అమ్ముడుపోయేదాన్నల్లా ఎగుమతి చేయడం. ఎగుమతికి అన్నిటికంటే తేలిగ్గా పోయేది తిండి.

కంచం మీద చట్టం

అంతకు ముందే, 1981 అక్టోబరులో ఒక ఉత్తర్వు వచ్చింది. నూనె, పంచదార, పిండి, బియ్యం, కాఫీ వంటివి నెలకు సరిపడా మించి ఇంట్లో దాచుకుంటే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. రొట్టెకు రేషన్ మొదలైంది. ఎవరు ఏ ఊళ్లో నివసిస్తారో ఆ ఊళ్లోనే కొనాలి. పల్లెల నుంచి రైలెక్కి పట్నానికి వచ్చి రొట్టె కొనుక్కుపోవడం నేరమైంది. రొట్టెకు గోధుమ పండించేది పల్లె, పట్నంలో రొట్టె కొనే హక్కు లేనిదీ పల్లే.

తెలుగు పాఠకుడికి రేషన్ షాపు కొత్త కాదు. కానీ ఇక్కడ రేషన్ బియ్యం చాలకపోతే బయట కొట్లో కొనుక్కోవచ్చు. రొమేనియాలో ఆ బయటి కొట్టు అనేదే నామమాత్రం. జిల్లాను బట్టి కొలతలు మారినా, చాలాచోట్ల మనిషికి నెలకు లీటరు నూనె, కిలో పంచదార, రోజుకు 300 గ్రాముల రొట్టె దరిదాపుగా దొరికేవి. అదైనా సరుకు వచ్చినప్పుడే. మాంసం దుకాణాల్లో పంది కాళ్లు, కోడి తలకాయలు, మెడలు మిగిలేవి. మంచి భాగాలు ఎగుమతికి పోయేవి. కాఫీ పేరుతో ఓట్స్, శనగలు వేయించి కలిపిన పొడి అమ్మేవారు.

తిండి కొరతకు శాస్త్రం ముసుగు వేశారు. రొమేనియన్లు మోతాదు మించి తింటున్నారని, అందుకే జబ్బుల పాలవుతున్నారని చెబుతూ ‘హేతుబద్ధ ఆహార పథకం’ తయారైంది. యులియన్ మింకు అనే వైద్యుడి పర్యవేక్షణలో మనిషికి రోజుకు 2,800 నుంచి 3,000 క్యాలరీలు చాలని లెక్కగట్టారు. ఆ క్యాలరీలు కాగితం మీదే ఉండేవి. ఆకలితో ఉన్నవాడికి నువ్వు అతిగా తింటున్నావని చెప్పడం కంటే దారుణమైన అబద్ధం ప్రభుత్వాలు చెప్పడం అరుదు.

క్యూ ఆ రోజుల్లో బతుకులో సగం. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో ముసలివాళ్లు లేచి, చీకట్లో చలిలో దుకాణం ముందు నిలబడేవారు. కాళ్లు లాగితే సంచినో ఖాళీ పాల సీసానో తమ వంతుకు గుర్తుగా నేల మీద పెట్టి కాసేపు పక్కకు వెళ్లేవారు. దారిన పోయేవాళ్లు వరస కనబడితే ముందు నిలబడి, ఏం వచ్చిందో తర్వాత ముందున్నవాళ్లను అడిగేవారు. అందుకే ప్రతి ఒక్కరి జేబులో మడతపెట్టిన సంచి ఒకటి ఎప్పుడూ ఉండేది. లారీ రాకపోవచ్చు, వచ్చినా తమ వంతుకు సరుకు అయిపోవచ్చు. పొద్దున క్యూ, పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం మళ్లీ క్యూ. ఇలా అలసిపోయినవాడికి సభ పెట్టడానికి గానీ కరపత్రం రాయడానికి గానీ ఓపిక ఎక్కడిది? పైగా క్యూలో ముందున్నవాడు పోటీదారే తప్ప తోడు కాదు. రహస్య పోలీసులు ఎంత శ్రమపడినా సాధించలేని పనిని కొరత ఇలా ఊరికే చేసి పెట్టింది.

పార్టీ పెద్దలకు వేరే దుకాణాలు ఉండేవి. వాటి తలుపులు సామాన్యులకు తెరుచుకునేవి కావు.

చలి, చీకటి

పరిశ్రమలకే విద్యుత్తులో సింహభాగం పోయేది. అందుకని ఇళ్లలో కోత. గదికో చిన్న బల్బు, అది కూడా 40 వాట్లు మించకూడదన్నారు. వీధి దీపాలు ఆరిపోయాయి. రొమేనియా శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి పోతుంది. అపార్ట్‌మెంట్లకు వేడి నీటి గొట్టాల ద్వారా వెచ్చదనం అందించేది ప్రభుత్వమే, ఆ గొట్టం తిప్పేదీ ప్రభుత్వమే. గదుల్లో 12 నుంచి 14 డిగ్రీలు దాటేది కాదు. జనం కోట్లు, టోపీలు వేసుకునే పడుకునేవారు. గ్యాస్ పగలు సన్నగా వచ్చేది, అందుకని ఆడవాళ్లు అర్ధరాత్రి లేచి మర్నాటి వంట చేసుకునేవారు.

కారున్నవాళ్లకు నెలకు ఇన్ని లీటర్ల పెట్రోలని కోటా. నంబరు ప్లేటు సరిసంఖ్య అయితే ఒక ఆదివారం, బేసి అయితే మరో ఆదివారం బయటికి తీయాలి. 1985 నుంచి టెలివిజన్ మామూలు రోజుల్లో రెండే గంటలు, రాత్రి ఎనిమిది నుంచి పది దాకా. అందులోనూ ఎక్కువ భాగం నాయకుడి పర్యటనలే. సరిహద్దు దగ్గరున్నవాళ్లు ఇంటిపైన యాంటెన్నాలు తిప్పి బల్గేరియా, హంగేరీ, యుగోస్లావియా కార్యక్రమాలు చూసేవారు. బల్గేరియా టీవీ అంటే ప్రాణం పెట్టేంత కరువు ఉండేదంటే మిగతా సంగతి ఊహించుకోవచ్చు.

రోజులు గడవాలంటే చట్టం మీరక తప్పేది కాదు. ఫ్యాక్టరీ నుంచి మేకులు, డెయిరీ నుంచి వెన్న, హోటల్ నుంచి మాంసం చాటుగా బయటికొచ్చేవి. వైద్యుడికి, గుమాస్తాకు, మాంసం కొట్టు వాడికి ‘కెంట్’ సిగరెట్ ప్యాకెట్టు ఇస్తే పని జరిగేది. ఆ ప్యాకెట్లు విప్పి కాల్చిన వాళ్లు తక్కువ. కరెన్సీ నోట్లలా చేతులు మారుతూ పోయేవి. విదేశీ డబ్బు దగ్గరుంచుకోవడం నేరం. సొంత పశువును అనుమతి లేకుండా కోయడం నేరం. ఫలితంగా దేశంలో తప్పు చేయని మనిషి లేకుండా పోయాడు. తప్పు చేసినవాడి పిలక పోలీసు చేతిలో ఉంటుంది.

అచ్చు అక్షరం మీద కాపలా

సెక్యూరిటాటేలో పూర్తికాలపు ఉద్యోగులు వేలల్లో ఉంటే, చేరవేతగాళ్లు లక్షల్లో ఉండేవారు. వాళ్లంతా దుర్మార్గులు కారు. చాలామంది పైన చెప్పిన చిన్న తప్పు ఏదో ఒకదానికి దొరికినవాళ్లు. సహకరిస్తావా, కేసు పెట్టమంటావా అని అడిగితే మనిషి ఏం చేస్తాడు? కాదని నిలబడినవాళ్లూ ఉన్నారు. తిమిషోవారాలో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో అనువాదకురాలిగా పనిచేస్తున్న హెర్టా ముల్లర్ చేరవేతకు ఒప్పుకోలేదు. ఉద్యోగం పోయింది, వేధింపులు వెంటపడ్డాయి. 1987లో దేశం వదిలి వెళ్లిన ఆమెకు 2009లో సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. బుఖారెస్ట్‌లో గియోర్గే ఉర్సు అనే ఇంజినీరు ఏళ్ల తరబడి డైరీ రాసుకున్నాడు. దాని సంగతి సెక్యూరిటాటేకు చేరింది. 1985 నవంబరులో కస్టడీలో దెబ్బలు తిని చనిపోయాడు.

1983 మార్చి 28 నాటి ఉత్తర్వు టైపు మిషన్ల గురించి. యంత్రం ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని పోలీసు స్టేషన్‌లో నమోదు చేయించాలి. ఏటా అక్కడికి మోసుకెళ్లి, దాని మీద అన్ని అక్షరాలూ కొట్టిన కాగితం నమూనాగా ఇచ్చి రావాలి. ప్రతి యంత్రం అచ్చులో చిన్న తేడాలుంటాయి. ఒక అక్షరం కాస్త వంగి ఉంటుంది, ఇంకోదానికి మూల అరిగి ఉంటుంది. ఎక్కడైనా కరపత్రం దొరికితే ఏ యంత్రం మీద కొట్టారో పోల్చి పట్టుకోవడానికి ఆ నమూనాలు. ప్రజాభద్రతకు ప్రమాదమని పోలీసులు భావించినవాళ్లకు అసలు యంత్రం ఉంచుకునే హక్కే లేదు. విదేశీయుడితో మాట్లాడితే 24 గంటల్లో అధికారులకు చెప్పాలి. దగ్గరి బంధువు కాని విదేశీయుడికి ఇంట్లో పడక ఇవ్వకూడదు.

మనుషులు కూడా ఎగుమతి సరుకే అయ్యారు. దేశంలోని జర్మన్ జాతివాళ్లను వెళ్లనివ్వడానికి పశ్చిమ జర్మనీ తలకింత చొప్పున చెల్లించింది. చదువును బట్టి ధర పెరిగేది. ఇరవై ఏళ్లలో రెండు లక్షలకు పైగా అలా వెళ్లిపోయారు. యూదుల్ని ఇజ్రాయెల్‌కు పంపడంలోనూ బేరమే.

కడుపు మీద కాపలా

అన్నిటికంటే లోతుకు వెళ్లిన చట్టం 1966 నాటిది. పరిశ్రమలకు పనివాళ్లు కావాలి, జనాభా పెరగాలి అని చౌషెస్కు లెక్క. ఆ ఏడాది అక్టోబరులో 770వ నంబరు ఉత్తర్వు గర్భస్రావాన్ని నిషేధించింది. 45 ఏళ్లు దాటినవాళ్లకు, నలుగురు పిల్లలున్నవాళ్లకు, మరికొన్ని ప్రత్యేక సందర్భాలకు మాత్రమే మినహాయింపు. తర్వాత 1980ల్లో ఆ నలుగురిని అయిదుగురు చేశారు. గర్భనిరోధక సాధనాలు దుకాణాల్లో మాయమయ్యాయి. 1966లో పుట్టిన పిల్లలు 2,73,000 మంది అయితే 1967లో 5,27,000 మంది. ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపు. ఆసుపత్రుల్లో మంచాలు చాలలేదు, ఆరేడేళ్ల తర్వాత బడుల్లో బల్లలు చాలలేదు.

పాతికేళ్లు దాటినా పిల్లలు లేనివాళ్ల మీద అదనపు పన్ను వేశారు. ఫ్యాక్టరీల్లో స్త్రీలకు వైద్య పరీక్షలు పెట్టారు. ఆరోగ్యం కోసం అన్నారు గానీ, ఎవరు గర్భవతో ముందే నమోదు చేసి తర్వాత ఆ గర్భం ఏమైందో ఆరా తీయడానికే. దొంగచాటుగా గర్భస్రావం చేయించుకుని రక్తస్రావంతో ఆసుపత్రికి వచ్చిన స్త్రీని, ఎవరు చేశారో చెప్పేదాకా ప్రశ్నలతో వేధించేవారు. ప్రాసిక్యూటర్ అనుమతి లేకుండా చెయ్యి వేయడానికి వైద్యులు వణికిపోయేవారు. ఆ 23 ఏళ్లలో సుమారు పదివేల మంది స్త్రీలు ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నారని అంచనా. చౌషెస్కు కూలిపోయేనాటికి లక్ష మందికి పైగా పిల్లలు ప్రభుత్వ అనాథాశ్రమాల్లో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు, సాకలేక వదిలేశారు. కనమని ఆజ్ఞాపించిన రాజ్యం ఆ పిల్లలకు పాలు ఇవ్వలేదు, వెచ్చటి గది ఇవ్వలేదు. 1987 నాటి ఆ రోజుల మీద క్రిస్టియన్ ముంజియు తీసిన సినిమాకు 2007లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం దక్కింది.

కాగితం మీద పంట

ఇల్లు కూడా వదల్లేదు. దేశంలో ఉన్న సుమారు 13 వేల గ్రామాల్లో సగానికి పైగా 2000 నాటికి తీసేసి, జనాన్ని అంతస్తుల భవనాల్లోకి మార్చాలని 1988లో ప్రకటించారు. చాలావరకు అది అమలు కాకముందే పాలన పోయింది. బుఖారెస్ట్‌కు ఆ అదృష్టం లేదు. 1977 భూకంపం తర్వాత నగర పునర్నిర్మాణం పేరుతో పాత పేటలు కూల్చారు. పదుల వేల మందిని ఖాళీ చేయించిన చోట 1984లో ‘ప్రజల భవనం’ పనులు మొదలయ్యాయి. 3,65,000 చదరపు మీటర్ల పాలరాతి కట్టడం. ఇళ్లలో 40 వాట్ల బల్బు వెలుగుతున్న రోజుల్లో అందులో షాండ్లియర్లు వేలాడదీశారు.

ఇంత అధికారం ఉన్న రాజ్యానికి తన దేశంలో ఏం జరుగుతోందో మాత్రం తెలియదు. 1983 నుంచి జీతాన్ని ప్రణాళిక లక్ష్యానికి ముడిపెట్టారు. లక్ష్యం తప్పితే మేనేజరు నుంచి కూలీ దాకా అందరి జీతం కోత. దాంతో ప్రతి మెట్టు దగ్గరా అంకెలు కాస్త కాస్త పెంచి పైకి పంపారు. 1989లో ఆరు కోట్ల టన్నుల ధాన్యం పండిందని ప్రకటించారు. అసలు పంట అందులో మూడో వంతు కూడా లేదు. చౌషెస్కు దుకాణం చూడటానికి వస్తున్నాడంటే ఎక్కడెక్కడి సరుకో తెచ్చి అరలు నింపేవారు, ఆయన వెళ్లగానే తీసుకుపోయేవారు. నిజం చెప్పినవాడిని శిక్షించే రాజ్యం చివరికి తన అబద్ధాన్ని తానే నమ్ముతుంది.

తిరుగుబాటు

మొదట కదిలింది కార్మికులే. పెన్షన్ వయసు 50 నుంచి 55కు పెంచితే 1977 ఆగస్టులో జియు లోయ గనుల్లో 35 వేల మంది పని ఆపారు. చౌషెస్కు స్వయంగా వెళ్లి హామీలిచ్చాడు. గుంపు చెదిరాక నాయకుల్ని ఒక్కొక్కరినీ వేరే ఊళ్లకు తరిమేశారు. 1987 నవంబరు 15న బ్రషోవ్‌లో లారీల ఫ్యాక్టరీ కార్మికులు జీతాల కోత మీద రోడ్డెక్కారు. ఆరోజు స్థానిక ఎన్నికలు. పార్టీ కార్యాలయంలోకి దూసుకెళ్లినవాళ్లకు లోపల విందుకు పేర్చిన జున్ను, మాంసం, నారింజలు కనిపించాయి. ఏళ్ల తరబడి వాళ్లు కళ్లజూడని తిండి అది. నాయకుడి బొమ్మలు కిటికీల్లోంచి వీధిలో పడ్డాయి. తర్వాత 61 మందికి శిక్షలు వేశారు.

1989 ఏప్రిల్‌లో విదేశీ అప్పు మొత్తం తీరిపోయిందని పార్టీ ప్రకటించింది. ఇక తిండి దొరుకుతుందని జనం ఆశపడ్డారు. ఎగుమతులు ఆగలేదు, రేషన్ తగ్గలేదు, గదులు వెచ్చబడలేదు. ఓర్పుకు ఒక కారణం చూపించి బతికిన రాజ్యం ఆ కారణాన్ని తానే తీసేసుకుంది.

డిసెంబరు 16న తిమిషోవారాలో లాస్లో తోకేష్ అనే హంగేరియన్ పాస్టర్‌ను ఊరు దాటించబోతే జనం అడ్డుపడ్డారు. మర్నాడు కాల్పులు జరిగాయి. 21న బుఖారెస్ట్‌లో చౌషెస్కు భారీ సభ పెట్టించాడు. జనం తమంతట తాము రాలేదు, ఎప్పటిలాగే ఫ్యాక్టరీల నుంచి ఆజ్ఞ మీద తరలించారు. ఒకరినొకరు నమ్మకుండా పాతికేళ్లు విడదీసి ఉంచిన మనుషుల్ని ఆ పూట రాజ్యమే ఒకచోట చేర్చింది. ఉపన్యాసం మధ్యలో గుంపులోంచి కేకలు లేచాయి. బాల్కనీలో ఆయన ముఖం తడబడటం దేశమంతా టీవీలో ప్రత్యక్షంగా చూసింది. కనీస వేతనం నెలకు 200 లేయిలు పెంచుతానని అక్కడికక్కడే ప్రకటించాడు. కొరతతో పాలించినవాడి దగ్గర ఆఖరికి మిగిలింది ఆ 200 లేయిలే. మర్నాడు ఆ బాల్కనీ ఉన్న భవనం పైకప్పు మీది నుంచి హెలికాప్టర్‌లో పారిపోయాడు. 25న తిర్గోవిష్టెలో గంటసేపు సాగిన విచారణ తర్వాత భార్యాభర్తలిద్దరినీ సైనికులు కాల్చి చంపారు. ఆ విచారణను న్యాయం అనలేం. ఆ పది రోజుల్లో, ఆ తర్వాత జరిగిన కాల్పుల్లో వెయ్యి మందికి పైగా పౌరులు, సైనికులు చనిపోయారు.

డిసెంబరు 26న కొత్త ప్రభుత్వం జారీ చేసిన మొదటి ఉత్తర్వు పాత చట్టాలను రద్దు చేయడానికే. గ్రామాల కూల్చివేతకు ఆధారమైన చట్టం, 770వ నంబరు ఉత్తర్వు ఆ రద్దుల్లో ఉన్నాయి. 1989లో రొమేనియా ప్రసూతి మరణాల రేటు యూరప్‌లోకెల్లా ఎక్కువ. 1990లో, ఒక్క ఏడాదిలోనే, అది సగానికి పడిపోయింది.